రోజూ మోసే కెమెరా సంచి: తిరుపతి ఎండకు, వానకు, కోతులకు ఓర్చేది ఎంచుకోవడం ఎలా

కొత్తగా కెమెరా కొన్నవాళ్లు నన్నడిగేవి రెండే. ఏ లెన్సు కొనాలి, ఏ బ్యాగు కొనాలి. లెన్సు సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. బ్యాగు దగ్గరికొచ్చేసరికి నేనే ఎదురు ప్రశ్నలు వేస్తాను. పొద్దున ఇంట్లోంచి ఎట్లా బయలుదేరతావు, స్కూటరా బస్సా? టిఫిన్ బాక్సు వెంట ఉంటుందా? కెమెరా రోజూ తీసుకెళ్తావా, ఆదివారాలేనా? "బ్యాగు పేరు చెప్పన్నా అంటే పెళ్లిచూపుల్లో అడిగినట్టు అడుగుతావేంది" అని ఒక తమ్ముడు విసుక్కున్నాడు కూడా.

పేరు చెప్పడం సులువే. తిరుపతిలో పదిహేనేళ్లుగా పెళ్లిళ్లకూ పండగలకూ ఫోటోలు తీస్తూ నేను మార్చిన సంచులు ఏడు. అందులో నాలుగు పేరున్నవే. ఇప్పుడు రోజూ నా వీపున ఉండేది మాత్రం మా అబ్బాయి ఇంటర్ అయిపోగానే వదిలేసిన కాలేజీ బ్యాగు. దాని అడుగున మెత్తటి పెట్టె ఒకటి కుట్టించి పెట్టుకున్నాను. నేను చెప్పబోయేదంతా దాదాపు అదే: బయటికి మామూలు సంచి, లోపల కెమెరాకో గూడు. అది మీకు కుదరకపోవచ్చు కూడా. అందుకే మీ సంచిని మీరే ఎంచుకునే పద్ధతి మొదటినుంచీ చెప్తాను.

ముందు చాప పరచండి

షాపుకు వెళ్లకముందే ఇంట్లో చాప పరిచి, రోజూ వెంట తీసుకెళ్లేవి దానిమీద పెట్టండి. బీరువాలో ఉన్న సామానంతా వద్దు, నిజంగా రోజూ తీసుకెళ్లేవే. నీళ్ల బాటిల్, గొడుగు, టిఫిన్ బాక్సు, కళ్లజోడు పెట్టె కూడా పెట్టండి. సంచి మోసేది వీటన్నిటినీ కదా. చాలామంది కెమెరా, లెన్సులు మాత్రం లెక్కేసుకుని బ్యాగు కొంటారు. తర్వాత నీళ్ల బాటిల్ కోసం చేతిలో ఇంకో కవరు పట్టుకుని తిరుగుతారు.

ఆ తర్వాత తూకం. వంటింటి కాటా చాలు. మన ఊళ్లో ఎక్కువమంది చేతిలో కనిపించే కానన్ 1500డి బ్యాటరీతో కలిపి 475 గ్రాములు. దాంతోపాటు వచ్చే 18-55 లెన్సు 200, 55-250 జూమ్ దాదాపు 375, 50 ఎం.ఎం. చిన్న లెన్సు 160. అన్నీ కలిపితే పన్నెండు వందల గ్రాములు, నిండు నీళ్ల బాటిల్ కంటే కాస్త ఎక్కువ. మరి భుజం ఎందుకు లాగేస్తోంది? ఖాళీ బ్యాగే కిలోన్నర తూగుతుంది కాబట్టి. మందపాటి ఫోము, పదహారు అరలు, ట్రైపాడ్ పట్టీలు, ఇవన్నీ బరువే. ఖాళీ సంచి బరువు లోపలి సామాను బరువులో సగం దాటితే నేను దాన్ని అక్కడే పెట్టేసి వస్తాను.

పిల్లల బడిసంచి వాళ్ల ఒంటి బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్పింది. పెద్దవాళ్లకూ ఆ లెక్క పనికొస్తుంది. 60 కిలోల మనిషికి 6 కిలోలు. అది రెండు భుజాలకూ వేసుకునే సంచికి. ఒంటి భుజానికి వేలాడే సంచి అయితే రెండు కిలోల దగ్గర ఆగిపోండి.

చివరగా స్కేలు తీసుకుని, లెన్సు తగిలించిన కెమెరాను కొలిచి చీటీ మీద రాసుకోండి. 1500డికి 18-55 తగిలిస్తే వెనకనుంచి లెన్సు కొస దాకా సుమారు 15 సెంటీమీటర్లు. ఆ చీటీ జేబులో లేకుండా షాపుకు వెళ్లొద్దు. "రెండు బాడీలు, ఐదు లెన్సులు పడతాయి సార్" అంటారు అక్కడ (బాడీ అంటే లెన్సు లేని కెమెరా). పడతాయి. కాకపోతే ఒకటి తియ్యాలంటే నాలుగు బయట పెట్టాలి.

మీరు ఎట్లా తిరుగుతారు?

స్కూటరు, మోటారు సైకిలు మీద తిరిగేవాళ్లు రెండు పట్టీలున్న వీపుసంచి తీసుకోండి. దీనికి మారుమాట లేదు. పక్కకు వేలాడే సంచి మలుపులో ముందుకు జారి హ్యాండిల్‌కు తగులుతుంది. ట్యాంకు మీదో, కాళ్ల మధ్యనో పెట్టుకుంటే ఇంజిను వణుకంతా లెన్సుకు ఎక్కుతుంది. ఇది చాదస్తం కాదు. మోటారు సైకిలు హ్యాండిల్‌కు ఫోను బిగిస్తే ఆ వణుకుకు లోపలి కెమెరా దెబ్బతినొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. వీపున ఉంటే మన ఒళ్లే ఆ వణుకును మింగేస్తుంది. సీటు కింద డిక్కీ మాట అసలు తలవొద్దు. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, దానికి తోడు కింద ఇంజిను వేడి. ఒకసారి అందులోంచి తీసిన బ్యాటరీని రెండు చేతులూ మార్చుకుంటూ పట్టుకున్నాను, వేడి ఇడ్లీని పట్టుకున్నట్టు.

బస్సుల్లో తిరిగేవాళ్లు సంచిని ముందుకు, ఛాతీకి వేసుకోవాలి. సీటు దొరికితే ఒళ్లో పెట్టుకోవాలి, పైన అరలో కాదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ అరలోంచి ఏమేం జారిపడతాయో కొండకు వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ చూసుంటారు. ఇలాంటివాళ్లకు వీపు వైపు జిప్పు ఉండే సంచి మేలు. తగిలించుకున్నంతసేపూ ఆ జిప్పు మన ఒంటికి ఆనుకుని ఉంటుంది, వెనకనున్నవాడి చేతికి అందదు. దించినప్పుడు బురదయ్యేది కూడా పట్టీల వైపు కాకుండా అవతలి ముఖం.

నడిచేవాళ్లకు, అంటే గాంధీ రోడ్డులోనో, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కలో వీధి ఫోటోలు తీసేవాళ్లకు, పక్కసంచి హాయి. క్షణంలో కెమెరా చేతికొస్తుంది. తలకోన వెళ్తుంటే మాత్రం దాన్ని ఇంట్లో పెట్టండి. 270 అడుగుల జలపాతం కింద బండలు పాకుడు పట్టి ఉంటాయి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. వంగినప్పుడు ముందుకు ఊగే సంచి మనిషినీ తనతోపాటు లాగుతుంది.

నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడకొంగల కోసం రెండు కిలోల పొడుగు లెన్సులు మోసేవాళ్ల లెక్క వేరు. వాళ్లది రోజువారీ సంచి కాదు, ఇక్కడ వదిలేస్తున్నాను. రేణిగుంటలో విమానం ఎక్కేవాళ్లకు ఒకే మాట: విడి బ్యాటరీలు కొసలకు టేపు అతికించి చేతిసంచిలోనే పెట్టండి, లగేజీలో వేయకూడదు.

సంచి చాటింపు వేయకూడదు

కెమెరాతోపాటు ఉచితంగా ఇచ్చే బ్యాగు చూశారుగా. నల్లటి గుడ్డ మీద అరచేతంత అక్షరాల్లో కంపెనీ పేరు. లోపల యాభై వేల రూపాయల సామాను ఉందని బస్టాండంతా చదువుకోవచ్చు. వాడాల్సి వస్తే ఆ అక్షరాలను కుట్టు విప్పి తీయించండి, రాకపోతే నల్ల దారంతో మీద కుట్టించేయండి.

ఇది పాత తెలివే. 1970ల్లో అమెరికాలో జిమ్ డోమ్కీ అనే పత్రికా ఫోటోగ్రాఫరు, డబ్బాల్లాంటి కెమెరా పెట్టెలతో విసిగిపోయి, మెత్తటి క్యాన్వాసు సంచి తయారుచేసుకున్నాడు. అది నలిగేకొద్దీ ఒంటికి అతుక్కుంటుంది, చూసినవాడికి లోపల విలువైనదేదో ఉందనిపించదు. ఆ పేరుతో సంచులు ఇప్పటికీ అమ్ముతున్నారు. మన ఊళ్లో ఆ పని కాలేజీ బ్యాగు చేసిపెడుతుంది. యూనివర్సిటీలు, కాలేజీలు ఇన్ని ఉన్న ఊళ్లో దానిమీద ఎవరి కన్నూ ఆగదు.

రంగు గురించి ఒక్క మాట. నలుపు ఎండను పీల్చుకుంటుంది, పైగా చీకట్లో అడుగున పడిన లెన్సు మూత కనపడదు. బయట బూడిద రంగో ఖాకీయో, లోపల పసుపో లేత నీలమో ఉన్నది దొరికితే వదలొద్దు.

షాపులో నిలబడి చేయాల్సిన పనులు

మీ కెమెరాను వెంట తీసుకెళ్లండి. మొహమాటపడొద్దు. చెప్పులు కొనేటప్పుడు కాళ్లు ఇంట్లో పెట్టి వెళ్తామా?

జిప్పును ఒంటి చేత్తో మూయండి. మూలల దగ్గర ఆగిందంటే ఆరు నెలల్లో అక్కడే పళ్లు విడిపోతాయి. జిప్పును లాగే రన్నరుకు తాళం పట్టే రంధ్రం ఉందేమో చూడండి, తర్వాత పనికొస్తుంది. తర్వాత సంచిలో కెమెరా పెట్టి, జిప్పు వేయకుండానే పైకి లేపండి. మూత వాలి కెమెరా బయటికి జారబోతే అది మతిమరుపు మనుషుల సంచి కాదు. పెళ్లి హడావుడిలో జిప్పు మర్చిపోని ఫోటోగ్రాఫరు ఇంకా పుట్టలేదు.

పట్టీ సంచిలో కలిసే చోట కుట్టు చూడండి. చతురస్రం కుట్టి దానిలో అడ్డంగా గుణకారం గుర్తులా మళ్లీ కుట్టి ఉండాలి. ఒకే వరస కుట్టు ఉంటే రేటు ఎంత తగ్గించినా తీసుకోవద్దు. పట్టీ చివర ఇనుప కొక్కేలుంటే మరీ జాగ్రత్త. తిరుచానూరులో ఒక పెళ్లికి ఆటో దిగుతున్నాను. పేరున్న కంపెనీ పక్కసంచి, కొని ఏడాది కాలేదు. పోతపోసిన కొక్కెం నోరు తెరుచుకుంది. సంచి సిమెంటు మెట్టు మీద పడింది. కెమెరా బతికింది. 50 లెన్సు ముందు అంచు మాత్రం వంకరపోయి, ఫిల్టరు ఇటు ఊడదు, అటు బిగియదు. తర్వాత ఆ కొక్కేన్ని బ్యాగులు కుట్టే పెద్దాయనకు చూపిస్తే వేలి మీద తిప్పి, "ఇది ఇనుము కాదు సామీ, మెరుపు" అన్నాడు. అప్పటినుంచీ పట్టీ నేరుగా సంచికే కుట్టి ఉన్నవే చూస్తున్నాను.

మెత్తను బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. వెంటనే పైకి లేస్తే మంచి ఫోము. గుంట అలాగే ఉండిపోతే లోపల ఉన్నది నాసిరకం. అది దెబ్బను ఆపదు. పక్కలకంటే అడుగు ముఖ్యం. సంచి దించేటప్పుడు ప్రతిసారీ తగిలేది అడుగే. అక్కడ కనీసం ఒక సెంటీమీటరు మందం ఉండాలి.

ఇక వెల్‌క్రో. మహతి ఆడిటోరియంలో కచేరీ సాగుతుంటే, రాగాలాపన మధ్యలో నేను సంచి మూత తెరిచాను. చర్ర్‌ర్ మంది. ముందు రెండు వరసల తలలూ వెనక్కి తిరిగాయి. ముహూర్తంలో ఫర్వాలేదు, గట్టిమేళంలో ఏదైనా కలిసిపోతుంది. అక్కడ దాని పాపం వేరు. దాని గరుకు ముఖం బయటికి ఉంటే పట్టుచీరను పట్టుకుంటుంది. పెళ్లికూతురి మేనత్త కొంగు నా సంచికి అతుక్కుని ఒక జరీ పోగు బయటికి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు, చూసింది, అంతే. బయటి మూతకు వెల్‌క్రో ఉన్న సంచిని నేను ఇక ముట్టుకోను. లోపల అడ్డాలకు ఉంటే మంచిదే.

గూడు కుట్టించుకోవడం

ఇన్సర్టు పేరుతో రెడీమేడ్ పెట్టెలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. మీ సంచి లోపలి కొలతకు సరిపోతే అవే కొనేయండి, సమయం మిగులుతుంది. సరిపోకపోతే ఇట్లా చేయండి.

సంచి అడుగు లోపలివైపు కొలవండి. నాది 28 సెంటీమీటర్ల వెడల్పు, 14 లోతు. ఎత్తు 20 పెట్టాను. పైన మిగిలిన చోటు టిఫిన్ బాక్సుకూ తువ్వాలుకూ. పాత యోగా చాప తీసుకుని అడుగుకు ఒకటి, చుట్టూ నాలుగు ముక్కలు కత్తిరించండి. పలచటి చాప అయితే అడుగుకు రెండు వరసలు వేయండి. కొలత అరసెంటీమీటరు తగ్గించే కోయాలి. గుడ్డ చుట్టాక మందం పెరుగుతుంది, మొదటిసారి నాకది తట్టక పెట్టె సంచిలో దిగనే లేదు.

గుడ్డ కొనేటప్పుడు వెల్‌క్రో గరుకు ముక్క ఒకటి జేబులో వేసుకెళ్లండి. నూగున్న గుడ్డలన్నీ దాన్ని పట్టుకోవు. షాపులో ఒక్కో తాను మీద ఆ ముక్క అద్ది లాగి చూడాలి. అమ్మేవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. పట్టుకునే గుడ్డ దొరికితే పెట్టె గోడలకు విడిగా వెల్‌క్రో కుట్టే పని లేదు. అడ్డాల అంచులకు మాత్రం గరుకు పట్టీ కుట్టిస్తే వాటిని ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవచ్చు. ఫోము ముక్కలు గుడ్డలో పెట్టి కుట్టడానికి బ్లౌజులు కుట్టే మిషను సూది విరుగుతుంది. బ్యాగులు, సీటు కవర్లు కుట్టేవాళ్ల దగ్గరికే వెళ్లండి. నాకు అంతా కలిపి ఐదొందల్లోపే అయింది.

కెమెరాను లెన్సు కిందికి ఉండేలా దించండి. అయితే లెన్సు కొస అడుగుకు తగలకూడదు. కెమెరా భుజాలు రెండు అడ్డాల మీద ఆని, లెన్సు మధ్యలో వేలాడాలి. కొస తగిలితే సంచి దించిన ప్రతిసారీ ఆ దెబ్బ లెన్సు, బాడీ కలిసే చోటికి పోతుంది. వేలు పట్టేంత సందు చాలు.

వానా, బూజూ

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు ఎవరూ మర్చిపోలేదు. "వాటర్‌ప్రూఫ్" అని చీటీ ఉన్న సంచిని కూడా ఇంట్లో పరీక్షించండి. లోపల వార్తాపత్రిక కాగితం పరిచి, జిప్పు వేసి, పైనుంచి రెండు చెంబుల నీళ్లు పోయండి. పది నిమిషాలాగి తెరిస్తే కాగితం మీద తడి ఎక్కడుందో అదే మీ సంచి బలహీనత. తొంభై పాళ్లు జిప్పు వెంబడే ఉంటుంది. విడి రెయిన్ కవరు కొనండి. అది వీపు వైపు కప్పదని గుర్తుంచుకోండి, అటునుంచి కారే నీళ్లు పట్టీల వెంట లోపలికి దిగుతాయి.

తడిసిన సంచిలో కెమెరాను రాత్రంతా వదిలేయడం వానకంటే చెడ్డది. గాలిలో తేమ అరవై, డెబ్బై శాతం దాటి, చీకటి తోడైతే లెన్సు లోపల బూజు పడుతుంది. సాలెగూడు పోగుల్లా మొదలై గాజు మీది పూతను తినేస్తుంది. ఇంటికి రాగానే సామానంతా బయటికి తీయండి. సంచిని నీడలో, ఫ్యాను కింద, నోరు తెరిచి ఆరబెట్టండి. ఎండలో వేయొద్దు. కెమెరాను సంచిలో దాచనే వద్దు. రబ్బరు మూత బిగుసుకునే డబ్బాలో, వంద గ్రాముల సిలికా జెల్‌తో పెట్టండి. నీలం రంగు గింజలకంటే నారింజ రంగువి మేలు, నీలం వాటిలో కోబాల్టు క్లోరైడు అనే విషం ఉంటుంది. రంగు మారాక, వంటకు వాడని పాత బాణలిలో సన్నసెగ మీద వేడిచేస్తే మళ్లీ మొదటి రంగుకొస్తాయి.

బీరువాలో ఏళ్ల తరబడి మూసిపెట్టిన సంచులకు ఇంకో జబ్బుంది. నీళ్లు దిగకుండా లోపల వేసిన పూత మన ఉక్కకు జిగురై, తర్వాత పొట్టులా రాలుతుంది. నా మూడో బ్యాగు అట్లాగే పోయింది. నల్లటి రవ్వలు లెన్సు తిప్పే చోట కూర్చున్నాయి. లోపలి గుడ్డ వేలికి జిగటగా తగిలిందంటే ఆ సంచి పని అయిపోయినట్టే, కూరగాయలకు వాడుకోండి.

కొండ, జాతర, కోతులు

తిరుమల ఆలయంలోకి కెమెరా గానీ సెల్‌ఫోను గానీ తీసుకెళ్లకూడదు. దర్శనం రోజున కెమెరాను గదిలో పెట్టి తాళం వేసి వెళ్లడమే తెలివి. ఎక్కడైనా అప్పగించాల్సి వస్తే రన్నర్లకు చిన్న తాళం వేయండి, ఇందాక చెప్పిన రంధ్రం ఇప్పుడు పనికొస్తుంది. అలిపిరిలో ప్రతి సంచీ స్కానర్లోంచి పోవాల్సిందే. గూడు ఒక్క ముక్కగా బయటికి వచ్చేదైతే తెరిచి చూపించమన్నా నిమిషంలో పని అయిపోతుంది. నడకదారిన వెళ్లేవాళ్ల లగేజీని పైకి చేర్చే సౌకర్యం ఉంది, బట్టలు అందులో వేయండి. కెమెరా మాత్రం మీ వీపునే ఎక్కాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. నా లెక్క ప్రకారం ఆ దారుల్లో ఒక బాడీ, ఒక లెన్సు. రెండో లెన్సు తీసుకెళ్లినవాళ్లు సగం దారిలో దాన్ని తిట్టుకుంటారు.

తినేవి, కెమెరా ఒకే సంచిలో పెట్టొద్దని ఇళ్లల్లో చీమల గురించి చెప్తారు. రోజూ టిఫిన్ బాక్సు పెట్టుకున్నా, కొండ దారిలో మాత్రం కోతుల గురించి చెప్పాలి. శ్రీవారి మెట్టు దారిలో కూర్చుని పక్కజేబులోంచి మిక్చరు పొట్లం తీయబోయాను. కవరు గలగల వినగానే పిట్టగోడ మీది కోతి దిగొచ్చింది. పొట్లంతోపాటు ఆ జేబులోనే ఉన్న లెన్సు మూతనూ పట్టుకెళ్లింది. పైన కూర్చుని మూతను కొరికి చూసి, నచ్చక, లోయలోకి విసిరేసింది. గుడ్డసంచిలో అరటిపండు విడిగా పట్టుకెళ్తే పోయేది పండొక్కటే.

తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మే నెలలో వెళ్లేవాళ్లు ఇది వినండి. భక్తులు కట్టే ఒక వేషానికి ఒంటినిండా కుంకుమ, ఇంకో వేషానికి బొగ్గు. గాలిలోనే పొడి ఉంటుంది. ఆ గుంపులో లెన్సు మార్చడానికి సంచి తెరిస్తే కుంకుమ రేణువులు కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సారు దాకా పోతాయి. ఇంట్లోనే ఒక లెన్సు తగిలించుకుని, సంచి మూసేసి, దాన్ని ఇక తెరవకండి. తిరిగొచ్చాక సంచిని తలకిందులు చేసి దులిపి, జిప్పు పళ్ల మధ్య పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. తడిగుడ్డ పెట్టారో, ఆ ఎరుపు ఇక పోదు.

చివరి పని ఐదు నిమిషాలది. ఒక అట్టముక్క మీద మీ పేరు, ఫోను నంబరు రాసి గూడు లోపలి జేబులో పెట్టండి. తెలుగులో, తమిళంలో రెండింటిలోనూ రాయండి. తిరుపతిలో బస్సులో మర్చిపోయిన సంచి సాయంత్రానికి వేలూరులోనో చెన్నైలోనో తేలుతుంది.